లెక్క చెప్పండి, సామీ: నెల్లూరు తీరగ్రామాల ఓటర్ల వినతిపత్రం

జిల్లా కలెక్టరు, జిల్లా ఎన్నికల అధికారి గారికి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, నెల్లూరు.

విషయం: గ్రామసభలు, పంచాయతీ నిధులు, ఎన్నికల్లో డబ్బు పంపకం, ఏకగ్రీవాల పేరిట జరిగే వేలంపాటలు, భూముల మీద ప్రజాభిప్రాయ సేకరణ - వీటి గురించి తీరప్రాంత ఓటర్ల విన్నపం.

అయ్యా / అమ్మా,

కావలి మొదలు బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు దాకా సముద్రపు ఒడ్డున బతికే ఓటర్లం తమరికి రాసుకునేది ఏమనగా:

సోమవారం పూట తమరు అర్జీలు తీసుకునే హాలుకు మాకు దారి కొత్త కాదు. ఒకప్పుడు దాన్ని గ్రీవెన్సు అన్నాం. తర్వాత ప్రజావాణి అయింది, మీ కోసం అయింది, స్పందన అయింది, ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక. బోర్డు మారినప్పుడల్లా పైన పేరు మార్చి అదే అర్జీ మళ్ళీ రాసుకొచ్చాం. రోడ్డు కావాలని, మంచినీళ్ళ ట్యాంకు కావాలని, శ్మశానానికి దారి కావాలని మేమిచ్చిన కాగితాలు తమ బీరువాల్లో చాలానే ఉంటాయి. ఈ కాగితంలో అవేవీ అడగడం లేదు. వేసిన రోడ్డుకు ఎంతయింది, ఆ పని కావాలని ఎవరు తీర్మానించారు, ఆ తీర్మానం రోజున ఊళ్ళో మేమెక్కడున్నాం అనేదే అడుగుతున్నాం.

రాసే చెయ్యి నాది. రిటైరైన బడిపంతుల్ని. మాటలు మాత్రం నలుగురివీ. చదివి వినిపించి, వద్దన్నవి కొట్టేసి, చెప్పమన్నవి చేర్చాను.

మొదట ఒక సంగతి. నేను పనిచేసిన మత్స్యకారుల పాలెం బడి సముద్రానికి ఎంత దగ్గరంటే, గాలి తిరిగిన రోజుల్లో నల్లబల్ల మీద సుద్దముక్క పట్టేది కాదు, ఉప్పుచెమ్మ. పొద్దున్నే పిలకాయలు బడికి రాకుండా ఒడ్డునే నిలబడుంటే వాళ్ళను పట్టుకు రావడానికి పోయి, నేను కూడా అక్కడే నిలబడిపోయేవాణ్ణి. అలివి వల లాగుతుండేవాళ్ళు. రెండు వరసల్లో మనుషులు, రెండు తాళ్ళు, నడుముకు బిగించిన గుడ్డలు. వల పొట్ట ఒడ్డుకు చేరాక చేపల్ని ఇసుక మీద కుప్ప పోసేవాళ్ళు. వ్యాపారి వచ్చి పాట పాడేవాడు. డబ్బు చేతికొచ్చాక తుండుగుడ్డ పరిచి దాని మీదే లెక్క. వలకు ఇన్ని పాళ్ళు, పడవకు ఇన్ని, లాగినవాళ్ళకు తలా ఇంత. ఒకరోజు సగంలో వచ్చి తాడు పట్టుకున్న ఒక ముసలామె తన పాలు తక్కువైందంది. ఎవరూ కసురుకోలేదు. గుడ్డ మీది డబ్బంతా మళ్ళీ కలిపి మొదటి నుంచీ లెక్కపెట్టారు. ఆమె లెక్కే తప్పని తేలింది. సరేనని నోట్లు కొంగున కట్టుకుని పోయింది. తిట్టినవాళ్ళు లేరు, పడ్డవాళ్ళు లేరు.

పంచాయతీ ఆఫీసులో అదే మాట అడిగి చూడండి. "ఏం పంతులూ, నువ్వు ఆ పార్టీలో చేరావా?" అంటారు. ఒడ్డు మీద లెక్క అడగడం హక్కు. ఊళ్ళోకి వచ్చేసరికి అది పగైపోతుంది. మా అర్జీ మొత్తం ఈ తేడా గురించే.

రాజ్యాంగం 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం గ్రామసభ అంటే ఊరి ఓటరు జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ. మా పాలెంలో వలలు అల్లే పోలయ్యా సభ్యుడే, రొయ్యల గుంటకు కాపలా ఉండేవాడూ సభ్యుడే. సర్పంచి చెప్పేదీ, మేం వినేదీ అని ఎక్కడా లేదు. మేం అడగాలి, వాళ్ళు చెప్పాలి. ఈ ముక్క బడిలో పాఠంగా చెప్పినవాణ్ణి నేను. ఒకసారి నిజంగానే గ్రామసభకు పోయాను. పొద్దున పదకొండుకు పెట్టారు. ఆ వేళకు మగవాళ్ళు సముద్రం మీద ఉంటారు, ఆడవాళ్ళు చేపల గంపలతో నెల్లూరులోనో కోవూరులోనో ఉంటారు, కూలివాళ్ళు కయ్యల్లో ఉంటారు. సభలో ఐదుగురం. తీర్మానాల పుస్తకంలో తీర్మానం ముందే రాసి పెట్టి ఉంది, మంచి దస్తూరీ. కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నాం. టీ తాగాం. కొన్నాళ్ళ తర్వాత పని ఉండి ఆ పుస్తకం తిరగేస్తే అరవై పైచిలుకు సంతకాలు, వేలిముద్రలు కనిపించాయి. అందులో మా ఆవిడ సంతకం కూడా ఉంది. ఆ పూట ఆమె నెల్లూరులో కంటి డాక్టరు దగ్గర ఉంది.

సమాచార హక్కు కింద అడిగాను. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో ఆ దరఖాస్తుకు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ఇంత చౌకైన హక్కు ఇంకోటి లేదు. ముప్పై రోజుల గడువు దాటింది, అప్పీలు చేసుకున్నాను, చివరికి అచ్చుకాగితం మీద ఒక జవాబు వచ్చింది: రికార్డు అందుబాటులో లేదు. నేను కళ్ళారా చూసిన పుస్తకం! ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. అక్కడి గుమస్తా నా దగ్గర చదువుకున్నవాడే. పైగా అతనొక్కణ్ణి బదిలీ చేసినంత మాత్రాన తీరే జబ్బు కాదిది.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టించారు, ఉపాధి హామీ పనుల తీర్మానాల కోసం. మంచి పనే. ఆ రోజు మైకు పెట్టారు, షామియానా వేశారు, జనం వచ్చారు. పిలిస్తే వస్తారని తేలింది కదా. కాబట్టి మా మొదటి కోరిక: తీరగ్రామాల్లో గ్రామసభ పడవలు ఒడ్డుకు చేరే వేళ చూసి పెట్టండి. వారం ముందు టముకు వేయించండి, పాలెంలోనూ దళితవాడలోనూ వేరువేరుగా. కిందటి సభ తీర్మానాల్లో ఏది జరిగింది, ఏది జరగలేదు అన్నది పైకి చదివించాకే కొత్త తీర్మానం రాయించండి. సంతకాల పుస్తకం సభ జరిగిన చోటు దాటి బయటికి పోకూడదు. సభ జరుగుతున్నంతసేపూ సెల్‌ఫోనులో వీడియో తీస్తే ఖర్చేమీ లేదు.

సర్పంచుల మీద నేరం మోపడానికి ఇదంతా రాయడం లేదని తమరు గమనించాలి. వాళ్ళ అవస్థ వాళ్ళది. పదిహేనో ఆర్థిక సంఘం డబ్బులో 60 శాతం తాగునీటికీ పారిశుధ్యానికీ వాడాలన్నారు, మిగిలింది ఊరి ఇష్టం అన్నారు. తీరా ఆ డబ్బు పంచాయతీ ఖాతాలో పడీ పడకముందే కరెంటు బకాయిల కింద సర్దేశారని పోయినసారి సర్పంచులు రాష్ట్రమంతా రోడ్డెక్కారు, పార్టీలతో నిమిత్తం లేకుండా. ఖాతా తన పేరున ఉండి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉన్న మనిషి ఊరికి ఏం లెక్క చెప్పగలదు? సగం సీట్లలో ఆడవాళ్ళే సర్పంచులు. వాళ్ళలో చాలామంది పక్కన కుర్చీలో భర్తగారు ఉంటారు, సంతకం ఈమెది, మాట ఆయనది. మీటింగుల్లో ఆ రెండో కుర్చీ తీసేయించండి. ప్రతి పంచాయతీకి ఈ ఏడాది ఎంత వచ్చింది, ఎవరు ఎందుకు తీసుకున్నారు అన్నది గ్రామ సచివాలయం గోడ మీద మనిషెత్తున తెలుగులో రాయించండి. వెబ్‌సైటులో ఉందని చెప్పకండి. మా పెద్దవాళ్ళు గోడ చదువుతారు.

ఎన్నికల తారీఖు గురించి. ఐదేళ్ళ గడువు తీరక ముందే పంచాయతీ ఎన్నికలు జరపాలని రాజ్యాంగంలోనే ఉంది. 2018 ఆగస్టులో గడువు తీరిన పంచాయతీలకు ఎన్నికలు 2021 ఫిబ్రవరిలో జరిగాయి. మధ్యలో రెండున్నరేళ్ళు ప్రత్యేకాధికారుల పాలన. రాష్ట్ర ఎన్నికల కమిషనరు పదవీకాలాన్ని 2020లో ఆర్డినెన్సుతో కుదించడం, దాన్ని హైకోర్టు కొట్టేయడం కూడా అప్పుడే చూశాం. ఆలస్యం ఒక ప్రభుత్వంలో మొదలై ఇంకో ప్రభుత్వంలో సాగింది, కాబట్టి ఇందులో ఎవరినీ వెనకేసుకు రావలసిన పని మాకు లేదు. ఆ రెండున్నరేళ్ళూ వీధిదీపం పోతే ఎవరినడగాలో తెలీలేదు. ఇకమీదట ఒక్కరోజు కూడా ఆలస్యం కాకూడదని రాష్ట్ర ఎన్నికల సంఘానికి తమరు మా మాటగా రాయాలి.

ఇక ఏకగ్రీవాలు. 2021లో ఏకగ్రీవమైన ఊరికి జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం అన్నారు. ఊళ్ళో గొడవలు తగ్గుతాయని చెప్పారు. నిజమే, పోటీ లేనిచోట గొడవెందుకు ఉంటుంది? కానీ ఆ ఏకగ్రీవం ఎట్టా కుదురుతుందో తమరికీ తెలుసు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సర్పంచి పదవిని గుడి ముందు వేలం పాడిన వార్తలు ప్రతి ఎన్నికల్లోనూ పేపర్లలో వస్తూనే ఉన్నాయి. పాట డబ్బు గుడికి అంటారు, దేవుడి పని కదా అని ఎవరూ నోరెత్తరు. పాడుకున్నవాడు ఆ డబ్బు ఎక్కడ రాబట్టుకుంటాడో దేవుడికి తెలియదా?

పాలెం పెద్దల కట్టుబాటు గురించి కూడా దాచకుండా చెప్పాలి. సముద్రం మీద వలల తగాదాలు, పొరుగూరి పడవల గొడవలు పోలీసు స్టేషన్లకు పోకుండా తీరుతున్నాయంటే పెద్దల మాట మీదే. దాన్ని తక్కువ చేయను. కానీ అదే కట్టుబాటు ఓటు దాకా వచ్చి, ఫలానా గుర్తుకే ఊరంతా వేయాలని, కాదన్న ఇంటికి దురాయి, అంటే వెలి, వేస్తామని అంటే మాత్రం అది కట్టుబాటు కాదు. ఆ ఇంటి మగవాడు వేటకు పోలేడు, ఆడమనిషి బావి దగ్గర పలకరింపుకు నోచుకోదు. ఇది రాయవద్దని ఇద్దరు చెప్పారు, రాయాల్సిందేనని ఇద్దరు ఆడవాళ్ళు పట్టుబట్టారు. రాశాను. ఏకగ్రీవానికి డబ్బు ఎర వేసే పద్ధతి మానేయాలి. వేలం జరిగిందని తేలిన ఊళ్ళో ఆ ఎన్నిక రద్దు చేసి మళ్ళీ పెట్టాలి. దురాయి భయంతో నామినేషను వెనక్కి తీసుకున్నవాళ్ళ మాట తమరు పెద్దల సమక్షంలో కాకుండా విడిగా వినాలి.

డబ్బు పంపకం దగ్గరికి వస్తున్నాను. ఇక్కడ నా కలం కాస్త ఆగింది.

పోలింగుకు ముందు రెండో రాత్రి. కరెంటు ఉంది, కానీ వీధి చివర లైటు ఎందుకో ఆరిపోయింది. మోటారు సైకిలు ఇంజను ఆపేసి తోసుకుంటూ వచ్చారు ఇద్దరు. ఒకడి చేతిలో ఓటరు జాబితా, నోట్లో చిన్న టార్చి. జాబితాలో మా ఇంటి నంబరు దగ్గర వేలు పెట్టి "మూడు" అన్నాడు. మూడు ఓట్లు. రెండోవాడు కవరు తీశాడు. అరుగు మీద నేను కూర్చునే ఉన్నాను. "మాస్టారూ, మీకు ఇవ్వడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇవ్వకపోతే మేమే తినేశామంటారు" అన్నాడు. వాడి బాధ నిజమైనదే. నేను తల తిప్పుకున్నాను. మా ఆవిడ తీసుకుంది. తర్వాతి రాత్రి ఇంకో పార్టీ వాళ్ళు వచ్చారు, అదీ తీసుకుంది. మొదట దేవుడి పటం వెనక పెట్టింది, వారం తర్వాత గ్యాసు బండకు పోయింది. డబ్బు పంచిన మర్నాడు పక్కవీధి వాళ్ళు మాకెందుకు రాలేదని ఒక నాయకుడి ఇంటి ముందు నిలబడి అరిచారు. పథకం డబ్బు రానప్పుడు కూడా వాళ్ళు అంత గట్టిగా అరవలేదు.

భారతీయ న్యాయ సంహిత ప్రకారం ఓటుకు డబ్బు ఇచ్చినవాడితోపాటు పుచ్చుకున్నవాడూ నేరస్థుడే. కాబట్టి పై పేరాతో నేను నేరం ఒప్పుకున్నట్టే. తమరు కేసు పెట్టదలిస్తే పెట్టండి, కానీ టార్చి పట్టుకున్నవాడితో ఆగకండి, వాడికి కవర్లు ఇచ్చినవాడి దాకా పోండి.

నాకు ఎన్నికల డ్యూటీలు కొత్త కాదు. పోలింగు అయ్యాక 17సి ఫారంలో ఎన్ని ఓట్లు పడ్డాయో రాసి, ఏజెంట్ల సంతకాలు తీసుకుని, నకలు వాళ్ళ చేతిలో పెట్టేవాళ్ళం. ఒక్క ఓటు తేడా వస్తే అర్ధరాత్రి దాకా కూర్చుని వెతికేవాళ్ళం. 2024 మే 13న మన రాష్ట్రంలో 80 శాతం పైగా ఓటర్లు ఓటేశారు. మండుటెండలో నిలబడి వేసిన ఆ ఓట్లకు పొల్లు పోకుండా లెక్క ఉంది. ఆ ఓట్ల కోసం పెట్టిన ఖర్చు లెక్క మాత్రం నవ్వొచ్చేట్టు ఉంటుంది. శాసనసభ అభ్యర్థి ఖర్చు పరిమితి 40 లక్షలు. రెండు లక్షల పైచిలుకు ఓటర్లున్న నియోజకవర్గంలో తలకు 20 రూపాయలు కూడా పడదు, కోవూరులో ప్లేటు ఇడ్లీ రాదు దాంతో. అయినా దాదాపు అందరి ఖర్చు ఖాతాలూ పరిమితి లోపలే ఉంటాయి, ఆమోదం కూడా పొందుతాయి. కాకిలెక్కలని మనవాళ్ళు అన్నది ఇట్టాంటి వాటినే.

సీ-విజిల్ యాప్‌లో ఫొటో పెడితే 100 నిమిషాల్లో చర్య అంటారు. పేరు చెప్పకుండా కూడా పెట్టవచ్చు. కానీ రెండొందల గడపల పాలెంలో ఫొటో ఏ అరుగు మీంచి తీసిందో పోల్చుకోవడానికి ఎవరి పేరూ అక్కర్లేదు. అందుకని పోలింగుకు ముందు మూడు రాత్రులు తీరగ్రామాల్లో వీధిదీపాలు ఆరకుండా చూసే బాధ్యత విద్యుత్ శాఖ అధికారి పేరు మీద రాయండి. చిన్న కోరికలాగే ఉంటుంది. చేసి చూడండి. అభ్యర్థులు నామినేషనుతో ఇచ్చే అఫిడవిట్లలో ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ ఉంటాయి, సుప్రీంకోర్టు 2002లో గట్టిగా చెప్పాక వచ్చిన మంచి ఏర్పాటు అది. వాటిని ఒక పేజీకి కుదించి, తెలుగులో, పెద్ద అక్షరాలతో ప్రతి సచివాలయంలోనూ, చేపల రేవుల్లోనూ అంటించాలి.

నాయకులంతా దొంగలని ఈ కాగితం చెప్పడం లేదు. అట్టా అనుకుంటే అర్జీ ఎందుకు రాస్తాం? ఈ ఒడ్డునే, విడవలూరు మండలం అలగానిపాడులో 1913 మే 1న పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య గారు ఉన్నారు. భూస్వాముల ఇంటి బిడ్డ, పేరు చివరి రెడ్డిని తీసేసుకున్నారు, సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టారు, తన వాటా ఆస్తి కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు. 1952లో రాజ్యసభకు పోతే పార్లమెంటుకు సైకిలు మీద వెళ్ళేవారు. సైకిలు సంగతి అందరూ చెప్తారు. ఈ రోజుల్లో ఫొటో కోసం ఒక పూట సైకిలు తొక్కేవాళ్ళూ ఉన్నారు గనక నాకు దానికంటే ఇంకో సంగతి పెద్దదనిపిస్తుంది. అత్యవసర పరిస్థితి రోజుల్లో పార్టీ పోకడతో పేచీ వచ్చినప్పుడు ఆయన ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు, పార్టీని వదల్లేదు. ఇప్పుడంతా తిరగబడింది. పార్టీని వదులుతారు, పదవిని పట్టుకునే ఉంటారు. సుందరయ్య గారి రాజకీయం మాలో చాలామందికి పట్టదు, ఈ కాగితం మీద సంతకం పెట్టినవాళ్ళలో ఆయన పార్టీకి ఓటేసినవాళ్ళు నలుగురో ఐదుగురో. అది వేరే విషయం.

తీరంలోనే, వాకాడు నుంచి ముఖ్యమంత్రి అయిన నేదురుమల్లి జనార్దనరెడ్డి గారు ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతుల్ని హైకోర్టు కొట్టేశాక 1992 అక్టోబరులో కుర్చీ దిగిపోయారు. ఆ అనుమతులు తప్పా ఒప్పా అన్నది కోర్టు తేల్చింది. తీర్పు వచ్చాక దిగిపోవడమన్నది ఒకటుండేదని ఇప్పటి పిలకాయలకు చెప్తే కథ అనుకుంటారు. జిల్లా పేరులో ఉన్న శ్రీరాములు గారు తెలుగు రాష్ట్రం కోసం 58 రోజులు పస్తుండి పోవడం అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ళ ముందు, 1946లో, నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి దళితుల్ని రానివ్వాలని ఇదే ఊళ్ళో నిరాహారదీక్ష చేశారని ఎంతమందికి తెలుసు? ఆయన ఏ పదవిలోనూ లేరు.

తీరం కాకపోయినా దూబగుంట పేరు ఎత్తకుండా ఈ జిల్లాలో ఏ వినతిపత్రమూ పూర్తి కాదు. కలిగిరి మండలంలో మెట్ట ఊరు. 1991లో మొదలైన అక్షరాస్యత తరగతుల్లో ఆడవాళ్ళు ఒకచోట కూర్చోవడం మొదలుపెట్టారు. పాఠం సారా మీదికి పోయింది, అక్కడి నుంచి సారా కొట్టు మీదికి పోయింది. ఆ ఆడవాళ్ళలో ఒకరైన వర్ధినేని రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా పాకింది. ఆడవాళ్ళు నెల్లూరుకు తరలివచ్చి సారా వేలంపాటలకు అడ్డం పడితే పాటలు వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది, 1997లో చంద్రబాబు నాయుడు గారి ప్రభుత్వం దాన్ని సడలించింది. ఖజానాకు డబ్బు చాలదన్నారు. ఆ నిర్ణయానికి ముందు దూబగుంట ఆడవాళ్ళను ఎవరూ అడగలేదు. వాళ్ళు తెచ్చుకున్నదాన్ని వాళ్ళకు ఒక్క మాట చెప్పకుండా తీసేసుకున్నారు. నా మట్టుకు నాకు ఆ తీసేసుకున్న తీరే ఎక్కువ బాధ కలిగించింది.

పార్టీ మారడం గురించి పొట్టిగా చెప్తాను. 1985 నుంచి ఫిరాయింపుల నిరోధక చట్టం ఉంది. 2014-19 మధ్య 23 మంది ప్రతిపక్ష ఎమ్మెల్యేలు అధికార పార్టీలోకి పోయారు, కొందరు మంత్రులూ అయ్యారు. 2023లో ఎమ్మెల్సీ ఎన్నికల్లో అడ్డంగా ఓటేశారన్న ఆరోపణతో అప్పటి అధికార పార్టీ సస్పెండు చేసిన నలుగురిలో ముగ్గురు మన జిల్లావాళ్ళే. కారణాలు ఎవరివి వాళ్ళకుంటాయి. ఓటు వేసినవాళ్ళకు ఆ కారణం చెప్పి, రాజీనామా ఇచ్చి, మళ్ళీ మా ముందుకు రావాలని ఈ అర్జీ నకలు అందుకునే శాసనసభ్యులందరికీ మనవి. గెలిపిస్తే గెలిపిస్తాం.

భూముల విషయం. కృష్ణపట్నం రేవు, దాని చుట్టూ కరెంటు ఫ్యాక్టరీలు వచ్చిన తీరు చూసినవాళ్ళం. పరిశ్రమ వద్దనే మొండితనం మాకు లేదు, మా పిలకాయలకు ఉద్యోగాలు కావాలి. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషను ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. సారాంశం తెలుగులో పది పేజీలు, అసలు నివేదిక ఇంగ్లీషులో వందల పేజీలు. బూడిద ఏ వైపుకు పోతుంది, వేడినీళ్ళు సముద్రంలో ఎక్కడ కలుస్తాయి అన్నవి ఆ వందల పేజీల్లో ఉంటాయి. సభలో ముందు వరసలన్నీ లారీల్లో వచ్చినవాళ్ళతో నిండిపోతాయి, మా వంతు వచ్చేసరికి భోజనాల వేళవుతుంది. 2025లో ఇదే తీరంలోని కరేడు ఊరి రైతులు భూసేకరణకు ఒప్పుకోమని హైవే మీద కూర్చోవలసి వచ్చిందంటే, అంతకు ముందు వాళ్ళ మాట వినే చోటు ఎక్కడా లేకపోవడం వల్లే. 2013 భూసేకరణ చట్టంలో అభ్యంతరాలకు 60 రోజులున్నాయి. ఆ అభ్యంతరాల్లో ఒక్కొక్కదానికీ ఏం జవాబు ఇచ్చారో తెలుగులో రాసి ఊళ్ళో చదివించండి. పూర్తి నివేదిక తెలుగులోకి వచ్చేదాకా ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టకండి.

ఇక వేట నిషేధ భృతి సంగతి. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఆ కాలానికి ఇచ్చే భృతి 4 వేల నుంచి 10 వేలకు, 2025లో 20 వేలకు పెరిగింది. సంతోషం. కానీ ప్రతిసారీ ఎవరో నాయకుడి దయలాగా, ఫొటోతో, సభతో వస్తుంది. సముద్రంలో చేప గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పడవలు ఆపించింది గనక ఇస్తున్న డబ్బు అది. జాబితాలో పేరు ఎందుకు లేదని అడిగితే వలంటీరునడుగు, సెక్రటరీనడుగు, ఫలానా నాయకుణ్ణి కలువు అంటూ తిప్పిన రోజులున్నాయి. పేర్లు ఏప్రిల్ 1 నాటికి రేవులో బోర్డు మీద ఉండాలి, తీసేసిన ప్రతి పేరుకూ పక్కనే కారణం ఉండాలి. ఏ నాయకుడి బొమ్మా ఆ బోర్డు మీద వద్దు.

నకళ్ళు తీర నియోజకవర్గాల శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు, రాష్ట్ర ఎన్నికల సంఘానికి పంపుతున్నాం. రాబోయే ఎన్నికల్లో మా గడప తొక్కే ప్రతి అభ్యర్థికీ ఒక ప్రతి చేతికిస్తాం. చదివి, కింద "చూశాను" అని సంతకం పెట్టమంటాం. పెట్టనివాళ్ళ పేర్లు కూడా రాసుకుంటాం.

మా తరఫున హామీ ఏమిటని తమరు అడగవచ్చు. అడగాలి కూడా. ఊరంతా డబ్బు పుచ్చుకోదని రాసివ్వలేను, అది అబద్ధమవుతుంది. సంతకాలు చేసిన 143 మందిలో మా ఆవిడ కూడా ఉంది. ఈసారి కవరు వస్తే వీధిలో అందరి ముందూ లెక్కపెట్టి, ఎవరిచ్చారో కాగితం మీద రాసి, తమ ఆఫీసుకు పంపుతానంది. నేనింకా తల తిప్పుకునేవాణ్ణే అయితే ఆ కాగితం ఆమే రాస్తుంది, ఆమెకు నాకంటే మంచి దస్తూరీ.

ఈ అర్జీ అందినట్టు తారీఖు వేసి, నంబరు వేసి, రసీదు ఇప్పించగలరని ప్రార్థన. పోయినసారి ఇచ్చిన దానికి రసీదు ఇవ్వలేదు.

ఇట్లు,
నెల్లూరు తీరగ్రామాల ఓటర్లు
(సంతకాలు, వేలిముద్రలు జతపరచడమైనది)